వెళ్లింది వంజరానికి, తెచ్చింది చందువ: మన ఇష్టం ముందే ఉంటుందా, చూస్తుండగా తయారవుతుందా?

ఉప్పుగాలి | ఆదివారం, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. ఇవాళ తెల్లారగట్ల అత్తయ్యతో కలిసి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. ఇంట్లోంచి కదిలేటప్పుడే వంజరం చేప తేవాలనుకున్నాం. మా ఆయనకి వంజరం వేపుడంటే ప్రాణం. ముళ్లు తక్కువని పిల్లలు కూడా అదే తింటారు. తీరా ఇంటికొచ్చి సంచి విప్పితే రెండు చందువలు. నన్నెవరూ మోసం చేయలేదు, బలవంతం పెట్టలేదు. నేనే ఎంచాను, నేనే డబ్బిచ్చాను.

వంజరం రెండు గంపల అవతల, గోనెపట్టా కింద ఐసులో ఉంది. చందువలు సరిగ్గా నా ముందు. అమ్మే ఆవిడ ఒకదాన్ని తోక పట్టుకుని ఎత్తి, అప్పుడే పైకొస్తున్న ఎండకి అటూ ఇటూ తిప్పింది. వెండి పళ్లెంలా మెరిసింది. "సూడమ్మా, ఒక్కసారి సేత్తో పట్టుకుని సూడు" అని నా చేతిలో పెట్టింది. ఒక నిమిషం పాటు నా కళ్లు దాని మీదే ఉండిపోయాయి. వంజరం సంగతి మర్చిపోలేదు. గుర్తుంది, కానీ అది కావాలన్న పట్టు సడలిపోయింది.

పక్కనే అత్తయ్య ఆ మెరుపు వైపు చూడనే లేదు. బొటనవేలితో మొప్ప ఎత్తి లోపల ఎర్రగా ఉందో లేదో చూసింది, పొట్ట దగ్గర నొక్కి గుంట పడుతుందేమో చూసింది, కంట్లోకి చూసింది. నలభై ఏళ్లుగా ఆవిడ చేపలో చూసేవి ఆ మూడే. అదే గంపలోంచి నేను ముందు తీసినదాన్ని వెనక్కి పెట్టించి, వేరేది ఇప్పించింది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. నాకు ఏది ఎంత ఇష్టమో ముందే లోపల రాసిపెట్టి ఉంటే, ఒక్క నిమిషం చూసినంత మాత్రాన ఎలా మారుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి. ఇది అడగడానికి చేప కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. తర్వాత రాస్తాను.

గోపాలపట్నం కిరాణా | ఆదివారం, మధ్యాహ్నం 2:05

అమ్మా, మీరు చెప్పింది మా కొట్టులో రోజూ జరిగేదే. షాంపూ ప్యాకెట్ల దండలు గుమ్మం మీద ఎందుకు వేలాడదీస్తాం? సీసాలు లోపలి అరలో ఉంటాయి. సబ్బు కోసం వచ్చినవాళ్లు నేను చిల్లర తీసేలోపు పైకి చూసి "రెండు అవీ ఇయ్యి" అంటారు. చాక్లెట్ డబ్బాలు కౌంటర్ మీద కింది వరసలో ఉంటాయి. పెద్దవాళ్లకి అవి కనిపించవు, చంకనున్న పిల్లాడి కంటికి తిన్నగా తగులుతాయి.

పోయినేడు మా చిన్నదానికి పంటి నొప్పి వచ్చింది. ఆ బాధ కళ్లారా చూశాక చాక్లెట్ డబ్బాలు వెనక్కి జరిపి, ఆ చోట పల్లీ చిక్కీ జాడీ పెట్టాను. ధర మార్చలేదు, ఒక్క ముక్క చెప్పలేదు. చిక్కీ అడిగే పిల్లలు బాగా పెరిగారు. చాక్లెట్ కావాలని పట్టుబట్టేవాడు ఎలాగూ అడుగుతాడు, వాడికి ఇస్తాను. ఎటూ తేల్చుకోలేనివాడే కళ్ల ముందున్నది తీసుకుంటాడు. నేను గమనించింది ఇదే.

పాఠాల పంతులు | ఆదివారం, రాత్రి 8:40

ఉప్పుగాలి గారూ, నేను డిగ్రీ పిల్లలకి సైకాలజీ చెబుతాను. మీ ప్రశ్న మీద గత ఇరవై పాతికేళ్లలో చాలా పని జరిగింది. కిరాణా అన్న చివర రాసిన మాటలోనే సగం జవాబు ఉంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు కన్ను సంగతి. చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఆ గోరు ఎంత మేర కనిపిస్తుందో, మన కన్ను నిజంగా స్పష్టంగా చూసేది దాదాపు అంత చోటే. మిగతాదంతా మసక. అందుకే కన్ను సెకనుకి మూడు సార్ల చొప్పున గెంతుతూ ఉంటుంది. ఒక చోట ఆగినప్పుడు ఇంకో చోటు మీద ఆగలేదు. మార్కెట్లో పది గంపలుంటే పదింటినీ ఒకేసారి తూచే వీలు మెదడుకి లేదన్నమాట.

2010లో అమెరికాలోని కాల్టెక్ అనే విశ్వవిద్యాలయంలో ఇయాన్ క్రాజ్‌బిచ్, క్యారీ ఆర్మెల్, ఆంటోనియో రాంగెల్ ఒక ప్రయోగం ప్రచురించారు. ఆకలి మీదున్న 39 మందిని కూర్చోబెట్టి ముందుగా చిరుతిళ్లకి మార్కులు వేయించారు. ఆ తర్వాత తెర మీద ఎడమ ఒకటి, కుడి ఒకటి చూపించి ఏది కావాలో ఎంచుకోమన్నారు. వాళ్ల కళ్లు ఎటు, ఎంతసేపు ఉన్నాయో కెమెరా కొలిచింది. ఎంచుకున్నవాటిలో ఒకటి చివర్లో నిజంగా పెడతారు కాబట్టి ఎవరూ ఏదో ఒకటి నొక్కేయరు.

తేలిందేమిటంటే, మెదడులో తక్కెడ లాంటిది నడుస్తుంది. రెండు పళ్లాల్లోనూ కొంచెం కొంచెంగా గింజలు పడుతుంటాయి. ఏ వస్తువు మీద చూపు ఉందో దాని పళ్లెంలో గింజలు పూర్తిగా పడతాయి. చూడని వస్తువుది లెక్కలోకి రాకపోదు, కానీ దాని విలువలో దాదాపు మూడో వంతే పడుతుంది. వాళ్ల లెక్కలో ఆ అంకె 0.3. చూపు అటు మారగానే వరస తిరగబడుతుంది. రెండు పళ్లాల మధ్య తేడా ఏదో ఒక పక్కకి ఒక హద్దు దాకా పెరిగితే నిర్ణయం అయిపోయినట్టే. గుర్తున్నా పట్టు సడలింది అన్నారే మీరు, ఆ మాట చదివి ఆశ్చర్యపోయాను. వంజరం గోనెపట్టా కింద ఉండి మూడో వంతుతో పోటీ పడింది.

ఈ తక్కెడ పద్ధతి పాతదే. రోజర్ రాట్‌క్లిఫ్ 1978లో జ్ఞాపకశక్తి ప్రయోగాల కోసం రాసిన లెక్క అది. వీళ్లు దానికి చూపుని జత చేశారు.

నిక్కచ్చి | ఆదివారం, రాత్రి 10:15

మాస్టారూ, ఒక అభ్యంతరం. నాకు నచ్చిందాన్నే నేను ఎక్కువసేపు చూస్తాను కదా! పెళ్లిచూపుల్లో అబ్బాయి నచ్చితేనే రెండోసారి కళ్లెత్తి చూస్తాం. చూశాం కాబట్టి నచ్చింది అంటారేమిటి? కారణాన్నీ ఫలితాన్నీ తలకిందులు చేసినట్టుంది.

పాఠాల పంతులు | సోమవారం, ఉదయం 6:30

మంచి ప్రశ్న అమ్మా, రాత్రి చదివి పొద్దున్నే లేచి రాస్తున్నాను. మీరన్నది అబద్ధం కాదు. 2003లో అదే కాల్టెక్‌లో షిన్సుకే షిమోజో బృందం జంట ముఖాలు చూపించి ఏది బాగుందో చెప్పమంది. నిర్ణయం దగ్గర పడేకొద్దీ చూపు చివరికి ఎంచుకోబోయే ముఖం వైపు ఎక్కువెక్కువగా ఒరగడం కనిపించింది. అంటే నచ్చడం చూపుని లాగుతుంది, నిజమే. కానీ వాళ్లు అక్కడ ఆగలేదు. ఒక ముఖాన్ని ఎక్కువసేపు, ఇంకోదాన్ని తక్కువసేపు కనిపించేలా తామే ఏర్పాటు చేసి, ఎంపిక కూడా అటే కాస్త మొగ్గుతుందని చూపించారు.

2008లో ఆర్మెల్, బోమెల్, రాంగెల్ తిండి పదార్థాలతో ఇదే చేశారు. ఒకటి 900 మిల్లీ సెకన్లు, ఇంకోటి 300 మిల్లీ సెకన్లు. తేడా అర సెకను పైచిలుకు మాత్రమే, అయినా ఎక్కువసేపు కనిపించింది కొంచెం ఎక్కువ సార్లు గెలిచింది. ఆ తర్వాత తినబుద్ధి కాని పదార్థాలు పెట్టారు. అక్కడ ఎక్కువసేపు కనిపించిందే ఎక్కువగా ఓడిపోయింది. నాకు అన్నిటికంటే నచ్చిన ఫలితం ఇదే. చూపు ఊరికే ఇష్టాన్ని పుట్టించదు, వస్తువులో ఉన్న మంచినైనా చెడునైనా పెద్దది చేసి చూపిస్తుంది. చందువ మంచి చేప కాబట్టి చూసేకొద్దీ బాగుంది. మెత్తబడిన చేపనైతే ఆవిడ ఎంతసేపు తిప్పినా మీరు కొనేవారు కాదు.

కిరాణా అన్న మాట కూడా ఇక్కడే అతుకుతుంది. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే చూపు చేయగలిగింది తక్కువ. సమానంగా ఉన్నప్పుడే దాని ప్రతాపం.

నైట్ డ్యూటీ | సోమవారం, ఉదయం 9:10

డ్యూటీ దిగి బస్సులో రాస్తున్నాను. నేను నర్సుని, మెదడు, నరాల వార్డులో పదకొండేళ్లుగా చేస్తున్నాను. మాస్టారు తక్కెడ అన్నారు కదా, ఆ తక్కెడ ఉండే చోటు దెబ్బ తిన్నవాళ్లని దగ్గరుండి చూశాను.

బైకు ప్రమాదంలో నుదుటి వెనక భాగం దెబ్బతిన్న ఒకాయన, వయసు నలభై లోపే. మాట స్పష్టం, లెక్కలు చెబుతాడు, పేపర్ చదువుతాడు. భార్య రెండు చొక్కాలు తెచ్చి "ఏది వేసుకుంటావు" అంది. ఒకదాని బటన్లు లెక్కపెట్టాడు, రెండోదాని కాలర్ తిరగేసి చూశాడు, మళ్లీ మొదటిది. చొక్కాల గురించి అడిగితే అన్నీ కరెక్టుగానే చెబుతున్నాడు. పావుగంటైనా ఒకటి తీసుకోలేకపోయాడు. చివరికి ఆవిడే నీలం చొక్కా తొడిగి, బటన్లు పెడుతూ ఏడ్చింది. "ఈయన ఇంట్లో అన్నీ టకటకా తేల్చేసేవాడమ్మా" అంది నాతో.

ఆంటోనియో డమాసియో అనే న్యూరాలజిస్టు తన రోగి ఒకరి గురించి ఇలాంటిదే రాశారు. మళ్లీ ఎప్పుడు వస్తారని అడిగి రెండు తేదీలు ఇస్తే, ఆయన దాదాపు అరగంట పాటు రెండు తేదీలకీ కారణాలు చెబుతూనే ఉన్నాడట. తెలివి తగ్గలేదు, ఇది మేలు అనిపించడమే ఆగిపోయింది.

నిర్ణయం తీసుకోలేనివాళ్లని దయచేసి బద్ధకస్తులనకండి. ఆ ఇంట్లో చుట్టాలు ఆ మాటే అంటుంటే ఆవిడ నలిగిపోయింది.

పాఠాల పంతులు | సోమవారం, మధ్యాహ్నం 1:20

సిస్టర్ గారూ, రాసినందుకు చాలా కృతజ్ఞతలు. ఆ చోటు పేరు వెంట్రోమీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్. కళ్ల గుంతలకి కాస్త పైన, నుదుటి వెనక, నడిమధ్యకి దగ్గరగా ఉంటుంది. దాని కిందనే ఆనుకుని ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్. 2006లో హార్వర్డ్‌లో కామిల్లో పడోవా-స్కియోప్పా, జాన్ అసద్ కోతులకి రెండు రకాల జ్యూసులు వేర్వేరు మోతాదుల్లో ఇవ్వజూపి, అక్కడి నాడీ కణాలని విన్నారు. కొన్ని కణాలు జ్యూసు ఎడమనుందా కుడినుందా అన్నది పట్టించుకోకుండా, ఆ కోతికి అది ఎంత విలువైనదో దాన్ని బట్టి పలికాయి. రుచి వేరు, మోతాదు వేరు అయినా రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చుకుంటోందన్నమాట. సంతలో బియ్యాన్నీ చేపనీ రూపాయల్లోకి మార్చుకున్నట్టు.

2011లో లిమ్, ఓడోహర్టీ, రాంగెల్ మనుషుల మెదడు స్కాన్ చేస్తూ, ఎటు చూడాలో కూడా వాళ్లే చెప్పారు. నేను మొదట చెప్పిన వెంట్రోమీడియల్ భాగంలోని సంకేతం "ఇప్పుడు చూస్తున్నదాని విలువలోంచి చూడనిదాని విలువ తీసేస్తే ఎంత" అన్నట్టుగా నడిచింది. చూపు మారితే లెక్క కూడా మారింది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: ముందే కొంత రాసి ఉంటుంది, కానీ తుది అంకె మాత్రం చూస్తుండగానే తేలుతుంది.

గాజువాక బి షిఫ్ట్ | సోమవారం, రాత్రి 11:50

నాది కంటికి సంబంధించింది కాదు గానీ ఇదే కోవలోకి వస్తుందేమో చూడండి. బండి కొనడానికి ఒక షోరూముకి వెళ్లాను. పేరు వద్దు. బండి ధర 1,05,000. సేల్స్ అబ్బాయి ఆ అంకె ఒక్కసారే చెప్పాడు. ఆ తర్వాత పెద్ద అక్షరాలతో కాగితం మీద "3,600" అని రాసి, చుట్టూ గీత గీసి నా ముందు పెట్టాడు. "నెలకి ఇంతే సార్." అరగంట సేపు మేం మాట్లాడిందంతా 3,600 గురించే. జీతంలోంచి పోతుందా, పోతుంది. సంతకం పెట్టేశాను.

రాత్రి మా అమ్మాయి లెక్కల పుస్తకం వెనక రాసింది. 36 నెలలు, 1,29,600. అంటే 24,600 అదనం. ఆ అంకె ఎవరూ దాచలేదు, కాగితాల్లో ఉంది. నేను చూపు పెట్టలేదు. నెలంతా పనిచేస్తే వచ్చే డబ్బు అది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అవధాన ప్రియుడు | మంగళవారం, ఉదయం 7:45

ఈ సంగతికి మన తెలుగులో చక్కటి మాట ఉంది, ఎవరూ తలుచుకోలేదు. ధ్యాసని మనం అవధానం అంటాం. అష్టావధానంలో అవధాని ఒక్కడు, ఆయన్ని ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది. ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఇంకొకరు గంట కొడుతుంటే దెబ్బలు మనసులోనే లెక్కపెట్టుకోవాలి. వీళ్లందరి మధ్య ఒకాయన పని ఏమిటంటే, సంబంధం లేని ప్రశ్నలేసి అవధాని ధ్యాస చెదరగొట్టడం. దాని పేరు అప్రస్తుత ప్రసంగం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చేసి మెప్పించిన విద్య ఇది.

ధ్యాస చెదిరితే పద్యం కుంటుతుందని తెలుసు కాబట్టే ఆ కుర్చీకి ఒక పేరు పెట్టి, సభలో ఎదురుగా కూర్చోబెట్టారు. షోరూములో గీత గీసిన 3,600, గుమ్మం మీద దండలు, ఫోన్లో టింగుమనే ఆఫర్లు అప్రస్తుత ప్రసంగాలే. అక్కడ ఆయన ఎవరో అవధానికి తెలుసు. ఇక్కడ మనకి తెలియదు.

ఉప్పుగాలి | మంగళవారం, రాత్రి 9:30

అందరివీ రెండేసి సార్లు చదివాను. సిస్టర్ గారు రాసింది చదివి చాలాసేపు మరో పని చేయలేకపోయాను.

ఇప్పుడు అసలు కారణం. పెదవాల్తేరు వైపు ఒక పాత అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ చూశాం. తలుపు తీయగానే హాలు, హాలు చివర బాల్కనీ, బాల్కనీ నిండా సముద్రం. ఓడలు లంగరేసి కనిపిస్తున్నాయి. చూపించిన ఆయన మమ్మల్ని తిన్నగా అక్కడికే తీసుకెళ్లి కుర్చీలేసి కూర్చోబెట్టాడు. ముప్పావుగంట ఉంటే అందులో అరగంట బాల్కనీలోనే. ఆ రాత్రి మా ఆయనా నేనూ మాట్లాడుకున్నదంతా సముద్రమే. శనివారం 50,000 టోకెన్ ఇద్దామనుకున్నాం.

హార్బర్ నుంచి వచ్చిన రోజే నాకు గుబులు మొదలైంది. ఆ ఫ్లాట్ మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. మా అమ్మ వచ్చే నెల నుంచి మాతోనే ఉంటుంది. 68 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఈ సంగతి మాకు తెలియక కాదు, మా అమ్మ మోకాళ్లు నాకు తెలియకపోవడమేమిటి! కానీ బాల్కనీలో ఆ అరగంటా అది మూడో వంతే తూగింది.

మోడరేటర్ | మంగళవారం, రాత్రి 9:48

అపార్ట్‌మెంట్ పేరు, బ్రోకర్ పేరు ఎవరూ అడగొద్దు, రాయొద్దు. మిగతాది కొనసాగించండి.

హుద్‌హుద్ చూసినవాడిని | మంగళవారం, రాత్రి 10:20

చెల్లెమ్మా, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను బీచ్ రోడ్డు పక్కన అద్దెకుండేవాణ్ని. సముద్రం వైపు కిటికీ అద్దాలన్నీ పగిలి హాల్లో పడ్డాయి. పిల్లల్ని బాత్రూంలో కూర్చోబెట్టి తలుపు పట్టుకున్నాను. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఊరంతా ఆ రోజు చూసింది. మామూలు రోజుల్లో కూడా ఉప్పుగాలికి గ్రిల్స్, ఏసీ బయటి డబ్బా త్వరగా తుప్పు పడతాయి. బాల్కనీలో నిలబడితే ఇవి కనిపించవు. ఈసారి వెళ్లినప్పుడు ఎదురింటివాళ్ల గ్రిల్ కింది కమ్మీని గోటితో గీకి చూడండి.

నిక్కచ్చి | బుధవారం, ఉదయం 8:00

ఇంతా చదివాక నా అభ్యంతరం సగం వదులుకున్నాను. మిగతా సగం ఇది: రెండు సెకన్లలో చిరుతిండి ఎంచుకోవడం, నెలల తరబడి ఆలోచించి ఇల్లు కొనడం ఒకటెలా అవుతాయి?

పాఠాల పంతులు | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఒకటి కావు. 0.3 అన్న అంకెని తెచ్చి ఇంటి మీద అతికిస్తే నేనే ఒప్పుకోను. ధర కూడా కలిపి చూసుకునే చిన్న కొనుగోళ్లకి ఈ లెక్క వర్తిస్తుందని 2012లో క్రాజ్‌బిచ్ బృందం చూపించింది, నేను ధైర్యంగా చెప్పగలిగింది అంతవరకే. అయితే నెలల తరబడి ఆలోచించడం అన్నారే, ఆ నెలల్లో మనసు ఎన్నిసార్లు సముద్రం దగ్గరికి వెళ్లింది, ఎన్నిసార్లు మెట్ల దగ్గరికి వెళ్లింది? ఆలోచన కూడా ఒక చోట ఆగితే ఇంకో చోట ఆగలేదు.

ఉప్పుగాలి గారికి ఉపయోగపడేది ఒకటుంది. 2011లో టాడ్ హేర్, జొనాథన్ మాల్‌మాడ్, రాంగెల్ తమ ప్రయోగంలో తిండి ఎంచుకునేవాళ్లకి, ఎంపికకి ముందు, కొన్నిసార్లు "ఇది ఆరోగ్యానికి ఎలాంటిదో ఆలోచించు" అని గుర్తు చేశారు. వద్దనలేదు, భయపెట్టలేదు. ఆ ఒక్క గుర్తుతోనే ఎంపికలు ఆరోగ్యం వైపు జరిగాయి, మెదడులో విలువ కట్టే చోట ఆరోగ్యం లెక్కకెక్కింది. గుర్తు చేసింది ఎంపికకి ముందు. ఎంచుకున్నాక చెబితే మనం సమర్థించుకోవడానికి వాడుకునే ప్రమాదం ఉందని నా అనుమానం.

మీ అత్తయ్య గారు మొప్పలు ఎత్తినట్టే ఇంట్లో కూడా మొప్ప ఏదో ముందే అనుకుని వెళ్లండి. అమ్మగారిని తీసుకెళ్లండి. బాల్కనీ చివర్లో చూడండి.

గోపాలపట్నం కిరాణా | బుధవారం, మధ్యాహ్నం 3:15

మెట్ల దగ్గర కరెంటు పోయినప్పుడు వెలుతురు ఉంటుందో లేదో కూడా చూడండమ్మా. మా అమ్మ అలాగే పడింది.

ఉప్పుగాలి | శుక్రవారం, రాత్రి 9:05

సాయంత్రం అమ్మనీ అత్తయ్యనీ తీసుకుని వెళ్లాం. టోకెన్ డబ్బు ఇంట్లోనే వదిలేశాను. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాం. అమ్మ ఎడమ చేత్తో రెయిలింగ్ పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి, మళ్లీ పై మెట్టుకి వెళ్తోంది. మొదటి అంతస్తు దాకా మాట్లాడుతూనే ఎక్కింది. ఆ తర్వాత మాట ఆగింది. 34వ మెట్టు దగ్గర, రెండో అంతస్తు మలుపులో, కొంగుతో మెట్టు తుడిచి కూర్చుంది. మోకాలి మీద అరచెయ్యి పెట్టి రుద్దుకుంటూ పక్కనున్న చిన్న కిటికీలోంచి చూసి, "ఇక్కడ్నించి కూడా సముద్రం కనబడుతోందే" అంది నవ్వుతూ.

అత్తయ్య ఏమీ అనలేదు. అమ్మ పక్కన కూర్చుని కిటికీ ఊచ మీద గోరుతో గీకింది, పెచ్చు రాలింది.

పైకి వెళ్లలేదు. పావుగంట అక్కడే కూర్చుని కిందికి దిగాం. దిగేటప్పుడు అమ్మకి ఇంకా కష్టమైంది.

బ్రోకర్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేశాం. మా ఆయన ఇంకా కాస్త బాధగానే ఉన్నాడు. ఎంవీపీ కాలనీలో గానీ చుట్టుపక్కల గానీ, రైతు బజార్‌కి అమ్మ నడిచి వెళ్లగలిగేంత దూరంలో, కింది అంతస్తు లేదా లిఫ్ట్ ఉన్న రెండు బెడ్‌రూముల ఇల్లు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. సముద్రం కనిపించకపోయినా ఫర్వాలేదు.

నైట్ డ్యూటీ | శుక్రవారం, రాత్రి 9:40

మా పక్క వీధిలో ఒకటి ఖాళీ అవుతోంది అక్కా, కింది అంతస్తే. గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి. రేపు డ్యూటీ దిగాక వెళ్లి, రెయిలింగ్ ఉందో లేదో చూసి రాస్తాను.